ఫిల్టరు తెల్లబడిన ఏడాది

ఆమెను అందరూ ఫిల్టరమ్మ అనే పిలిచేవారు. హాజరు పట్టీలో వేరే పేరేదో ఉండేది గానీ, ఆ పేరుతో ఎవరైనా పిలిస్తే ఆమే వెనక్కి తిరిగి చూసేది కాదు. పొట్టి మనిషి, గబగబా నడక, నోటికి తాళం ఉండదు. నీళ్ళ ఆఫీసు మూడో అంతస్తు పైన, డాబా మీద, ఊరి గాలిని కొలిచే యంత్రాలు నాలుగు ఉండేవి. ఇరవై నాలుగేళ్ళుగా వాటి మంచీచెడ్డా ఆమెదే.

పని వినడానికి చిన్నది. ఉదయం తొమ్మిదింటికి ఇనుప నిచ్చెన ఎక్కి, గాలి లాగే పంపు ఆపి, నిన్నటి ఫిల్టరు తీసి కొత్తది పెట్టాలి. ఫిల్టరంటే అరచేతిలో ఇమిడే గుండ్రటి, పల్చటి, కాగితం లాంటి తెల్ల బిళ్ళ. మర్నాడు తొమ్మిది దాకా పంపు దాని గుండా గాలి పీలుస్తుంది. గాలిలో ఉన్న మసీ దుమ్మూ ఆ బిళ్ళ మీద ఆగిపోతాయి. దాన్ని పట్టకారుతో తీసి, మూత ఉన్న గాజు పళ్ళెంలో పెట్టుకుని కింద తూకం గదికి తేవాలి. ఒక రోజు అక్కడ ఆరనివ్వాలి, తేమ కూడా బరువే కాబట్టి. తర్వాత గాజు తలుపుల త్రాసులో తూచి, పెట్టకముందు ఎంత, తీశాక ఎంత అని రిజిస్టరులో రాయాలి. రోజంతా పట్టిన మురికి అంతా కలిపి రెండు ఆవగింజల బరువుండదు. దగ్గర నిలబడి గట్టిగా ఊపిరి వదిలితే చాలు, త్రాసు మీద అంకె కదిలిపోతుంది. అందుకని తూచేటప్పుడు ఆమె ఊపిరి బిగబట్టేది.

"గాలి సంగతి రాయడానికి నేను గాలి మానేయాల్సొస్తోంది" అని నవ్వేది.

ఊరికి తూర్పున బొగ్గు మండించి కరెంటు తీసే ప్లాంటు ఉంది. ఆమె భర్త అందులోనే బూడిద ఎత్తే సెక్షన్లో పనిచేసి, చిన్న వయసులోనే దగ్గి దగ్గి పోయాడు. పిల్లల్లేరు. తనవాళ్ళని చెప్పుకోడానికి ఉన్నది ఒక్క అక్క. తల్లి పోయినప్పుడు ఫిల్టరమ్మకు ఐదేళ్ళు, అక్కకు పన్నెండు. జడ వేసింది, అన్నం పెట్టింది, తప్పు చేస్తే వీపు విమానం మోత మోగించింది, అన్నీ అక్కే. తర్వాత టైలరై, కుట్టుమిషను మీద చెల్లెల్ని చదివించింది. ఆ అక్కకు ఉబ్బసం. ఈ ఊరి పొగ పడక, పద్దెనిమిదేళ్ళ కింద భర్తతో సముద్రం పక్కన ఒక చిన్న ఊరికి వెళ్ళిపోయింది.

"తెల్లజాకెట్టు కుట్టి గంట సేపు తీగమీద వేస్తే, కుట్టించుకున్నవాళ్ళొచ్చేసరికి బూడిద రంగు జాకెట్టు అవుతుందే పొట్టీ. మాట పోతోంది నాది" అంది వెళ్ళేటప్పుడు. చెల్లెల్ని ఆవిడ ఎప్పుడూ పొట్టీ అనే పిలిచేది.

నిజానికి ఆ రోజుల్లో ఫిల్టర్లు బాణలి అడుగులా నల్లగా వచ్చేవి. ఏళ్ళ తరబడి అలాగే వచ్చాయి. ఫిల్టరమ్మ వాటిని తూచి రాసి, పెట్టెల్లో సర్ది, పై ఆఫీసుకు పంపేది. అక్కడేం చేసేవారో ఎవరూ చెప్పేవారు కాదు, ఆమె అడిగేదీ కాదు.

అలాంటిది ఒక ఏడాది ప్లాంటు గొట్టాలకు దుమ్ము పట్టే యంత్రాలు బిగించారు. బూడిదను కరెంటుతో లాగి కిందనే ఆపేస్తాయట. వారం తిరిగేసరికి తూర్పున ఎప్పుడూ నిలబడి ఉండే నల్లపొగ మాయమైంది. నెల తిరిగేసరికి ఫిల్టరు రంగు మారింది. నలుపు పోయి బూడిద రంగు, ఆ తర్వాత వానలు పడి వెలిశాక లేత గోధుమ రంగు. ఒక రోజైతే తీసిన ఫిల్టరుకీ పెట్టబోయే ఫిల్టరుకీ తేడా తెలియక, రెండూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది. బరువు కూడా తగ్గింది. నిచ్చెన మీద నిలబడే "ఓరి నాయనో!" అని గట్టిగా అంది. వినడానికి డాబా మీద పంపు తప్ప ఎవరూ లేరు.

ఆఫీసరు గారికి చూపిస్తే ఆయన కుర్చీలోంచి లేచాడు. పాత నల్ల ఫిల్టరొకటి, కొత్త తెల్ల ఫిల్టరొకటి పక్కపక్కన పెట్టి ఫోటో తీయించాడు. పదిహేను రోజుల్లో ఆ ఫోటో బస్సులు ఆగే చోటల్లా పెద్ద బోర్డయి వెలిసింది. "మన గాలి మారింది" అని కింద అక్షరాలు. ఫోటోలో ఓ మూల పట్టకారు పట్టుకున్న రెండు వేళ్ళు కూడా పడ్డాయి. అవి ఫిల్టరమ్మ వేళ్ళు. బస్సు కోసం నిలబడ్డ ప్రతిసారీ ఆమె ఆ వేళ్ళకేసి ఓసారి చూసుకునేది.

అదే ఏడు అక్క భర్త పోయాడు. ఫోన్లో అక్క గొంతు సన్నగా వినపడింది.

"ఒక్కదాన్నీ ఈ ఇంట్లో ఉండలేకపోతున్నానే. నీ దగ్గరికి వచ్చేద్దామనుంది. కానీ మీ ఊరి పొగ తలుచుకుంటేనే గుండె పట్టేస్తోంది."

"ఏ పొగ? ఎక్కడి పొగ?" అంది ఫిల్టరమ్మ. "ఆ రోజులు పోయాయక్కా. నేను నా చేతుల్తో తీస్తున్నా కదా, ఫిల్టరు మల్లెపువ్వులా ఉంటోంది. నీకు ఫోటో పంపిస్తా చూడు. కళ్ళు మూసుకుని వచ్చెయ్."

అక్క ఫోటో చూసింది. ఇల్లు ఖాళీ చేసి, కుట్టుమిషను గోనెపట్టాలో చుట్టుకుని, ఎండలు మొదలయ్యే వేళకు వచ్చేసింది. ముందు గదిలో కిటికీ పక్కన మిషను పెట్టుకుంది. దిగిన రెండో రోజే వీధిలో నలుగురితో మాట కలిపి, నాలుగు జాకెట్లు పుచ్చుకుంది. తీగ మీద తెల్లబట్ట ఆరేసి, సాయంత్రం దాన్ని వేలితో రుద్ది చూసి, "అవునే, నువ్వు చెప్పింది నిజమే" అంది. ఫిల్టరమ్మకు పరీక్ష పాసైనట్టనిపించింది. ఆ ఎండాకాలం, వానాకాలం అక్కచెల్లెళ్ళిద్దరూ హాయిగా ఉన్నారు. ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందు ఎప్పుడూ లేదు.

పొగ కనిపించడం లేదు కాబట్టి ప్లాంటులో అప్పటికే కట్టి ఉంచిన ఇంకో రెండు బాయిలర్లు మండించుకోడానికి అనుమతి ఇచ్చారు. దరఖాస్తుకు ఆ రెండు ఫిల్టర్ల ఫోటోనే జతచేశారని ఆఫీసులో చెప్పుకున్నారు. ఫిల్టరమ్మ విని, "మంచిదే, నలుగురికి ఉద్యోగాలొస్తాయి" అంది.

చలికాలం వచ్చింది. మొదట మూడు రోజులు మామూలు పొగమంచు పట్టింది. నాలుగో రోజు ఎండ వచ్చినా మంచు విడలేదు. విడినట్టే విడి, తెల్లటి మసకగా మిగిలిపోయింది. డాబా మీద నుంచి చూస్తే ఎదురు వీధిలో ఆసుపత్రి గోడ కనబడదు. అలా పదకొండు రోజులు. అక్క మిషను ముందు కూర్చుని నాలుగు కుట్లు వేసి ఆగేది. నాలుగో కుట్టుకల్లా ఊపిరందదు. మెడ దగ్గర గుంట లోపలికి లాక్కుపోయేది.

"చలి పడ్డంలేదే. సముద్రం దగ్గర ఇంత చలి ఉండదుగా" అంది అక్క.

"అంతే అయ్యుంటుంది. మఫ్లరు కట్టుకో" అంది చెల్లెలు.

ఆ పదకొండు రోజుల ఫిల్టర్లూ తెల్లగానే వచ్చాయి. కానీ తూకం గదిలో త్రాసు వేరే మాట చెప్పింది. నల్ల ఫిల్టర్ల కాలంలో కూడా అంత బరువు ఆమె ఎప్పుడూ చూడలేదు. త్రాసు చెడిందనుకుంది. పెట్టెలోంచి, బరువు ముందే తెలిసిన ప్రమాణపు బిళ్ళ తీసి పెట్టి చూసింది. త్రాసు సరిగ్గానే ఉంది. తడి ఆరలేదేమోనని ఇంకో రోజు ఆరబెట్టి మళ్ళీ తూచింది. వెంట్రుకవాసి తగ్గింది, అంతే. తెల్లగా ఉన్నదాంట్లో అంత బరువెక్కడిది? డాబా మీదే ఉన్న గ్యాసు కొలిచే యంత్రం చూస్తేనేమో, మంచు పట్టిన రోజుల్లో గంధకపు గ్యాసు తగ్గినట్టు చూపిస్తోంది. ఆమెకు అర్థం కాలేదు. రిజిస్టరులో అంకెల పక్కన "త్రాసు సరిచూడబడింది" అని ఎర్రసిరాతో రాసి పంపింది.

ఇరవై నాలుగేళ్ళలో మొదటిసారి ఆమె పంపినదానికి జవాబొచ్చింది. జవాబు మనిషి రూపంలో వచ్చింది. పై ఆఫీసు ల్యాబులో కొత్తగా చేరిన కెమిస్టు, ముప్ఫై ఏళ్ళ అమ్మాయి, బస్సు దిగి సంచీతో నేరుగా తూకం గదికే వచ్చింది.

"ఎర్రసిరాతో రాసింది మీరేనా అక్కా?"

"నేనేనమ్మా. తప్పైతే దిద్దేస్తాను."

"తప్పు కాదు. మీరు అలా రాయకపోయుంటే మావాళ్ళు ఈ అంకెలు కొట్టేసేవారు. ఆ ఫిల్టర్లు నీళ్ళల్లో నానబెట్టి చూశాను. సగానికి సగం సల్ఫేటు. అంటే ఉప్పులాంటిదే అనుకోండి. తెల్లది. అందుకే మీకు కనపడలేదు."

"ఉప్పు గాలిలోకి ఎలా వస్తుందమ్మా? సముద్రం ఉందా, పాడా?"

కెమిస్టు స్టూలు లాక్కుని కూర్చుంది. "బొగ్గులో గంధకం ఉంటుంది. మండితే గ్యాసవుతుంది. ప్లాంటువాళ్ళు బూడిదను పట్టారు, గ్యాసును పట్టలేదు. దానికి వేరే యంత్రం కావాలి, అది పెట్టలేదు. ఎండ రోజుల్లో ఆ గ్యాసు గాలిలో నెమ్మదిగా మారుతుంది, రోజులు పడుతుంది, ఈలోగా దూరం పోతుంది. మంచు పట్టిందనుకోండి, ప్రతి బొట్టూ ఒక గిన్నె. గ్యాసు అందులోకి దిగుతుంది. బండ్ల పొగలోంచి వచ్చే గ్యాసులూ, దుమ్ములో ఉండే ఇనప రజనూ దానికి తోడవుతాయి. రోజుల పని గంటల్లో అయిపోతుంది. ఆమ్లం తయారవుతుంది. ఎరువు చల్లిన పొలాల నుంచీ పశువుల పాకల నుంచీ అమ్మోనియా వచ్చి ఆ ఆమ్లాన్ని పట్టుకుంటుంది. ఎండకి బొట్టు ఆరిపోతే ఉప్పు మిగులుతుంది. కంటికి కనపడనంత సన్నది. ఊపిరితిత్తుల అడుగుదాకా పోతుంది."

"మరి గ్యాసు తగ్గిందని యంత్రం..."

"తగ్గలేదక్కా. బొట్టులోకి దిగిపోయింది. కొలిచే యంత్రం ముందు నుంచి పారిపోయింది, అంతే."

ఫిల్టరమ్మ రిజిస్టరు దగ్గరికి లాక్కుని పాత పేజీలు తిప్పింది. తర్వాత మెల్లగా అడిగింది. "అంటే, నల్లగా ఉన్నప్పటికంటే..."

"చలికాలంలో ఇప్పుడే ఎక్కువ. కొత్త బాయిలర్లు రెండు కూడా కలిశాయి కదా."

ఆ రోజు బస్సు కోసం నిలబడ్డప్పుడు ఆమె బోర్డుకేసి చూడలేకపోయింది. నాలుగు స్టాపులు నడిచి ఇంటికి చేరింది. పైన పటారం, లోన లొటారం అని అక్క ఊరికే అంటూ ఉండే మాట దారి పొడుగునా చెవిలో మోగింది.

మర్నాడే ఆఫీసరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. ఆమెను కూర్చోమన్నాడు, టీ తెప్పించాడు, అంతా విన్నాడు.

"నువ్వు చెప్పేది నాకూ తెలిసింది ఫిల్టరమ్మా. ఆ అమ్మాయి రిపోర్టు పంపింది. పైకి పంపించాను."

"ముందు ఆ బోర్డులు తీయించండి సార్. అది చూసి జనం నమ్ముతున్నారు."

"బోర్డులో అబద్ధమేముంది చెప్పు? రెండు ఫిల్టర్లూ నిజమేగా? రంగు జనానికి, బరువు ఫైలుకి. నేను తీయించాలన్నా నా చేతుల్లో లేదు. ఇక గ్యాసంటావా, యంత్రం చూపించేది హద్దులోనే ఉంది. నేనెవరికని నోటీసివ్వను?"

"మా అక్క ఊపిరాడక కూర్చుంది సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మా అమ్మా అంతే" అన్నాడు. టీ చల్లారిపోయింది.

అక్కకు చెప్పాలా వద్దా అని వారం రోజులు మింగలేక కక్కలేక తిరిగింది. చివరికి ఒక ఆదివారం మధ్యాహ్నం, అక్క బొత్తాలు కుడుతూంటే ఎదురుగా కింద కూర్చుని, అంతా చెప్పేసింది. బొట్టూ గిన్నే ఉప్పూ అన్నీ. చెప్పి, "నేనే పిలిచాను నిన్ను. ఫోటో పంపి మరీ పిలిచాను" అని ఏడ్చింది.

అక్క దారం కొరికి తెంపింది. "నీకు తెలిసి పిలిచావా?"

"లేదు."

"మరెందుకే ఏడుస్తావు? నువ్వు రమ్మనకపోయినా వచ్చేదాన్ని. ఆ ఇంట్లో గోడలతో మాట్లాడుకుంటూ చచ్చేకంటే ఇదే నయం."

"తిరిగి వెళ్ళిపోదామక్కా. నేనూ వస్తాను. ఉద్యోగం మానేస్తాను."

"ఎక్కడికి? ఇల్లు ఇచ్చేశాను. వేరేవాళ్ళు దిగారు అందులో. పైగా మొన్న ఎదురింటావిడ మాట్లాడింది ఫోన్లో. అక్కడా మసకేనట ఈ ఏడు. సముద్రం కనపడ్డంలేదట." ఆ మాటకు అక్క నవ్వబోయింది. నవ్వు దగ్గులోకి తిరిగింది.

ఫిల్టరమ్మ నమ్మలేదు. మర్నాడు కెమిస్టుకు ఫోన్ చేసి అడిగింది. నిజమేనంది కెమిస్టు. "మన ప్లాంటొకటే కాదక్కా. ఇలాంటివి నలభై దాకా ఉన్నాయి ఈ చుట్టుపక్కల. గాలి ఎటు వీస్తే అటు. ఒకళ్ళది ఇంకొకళ్ళకి, వాళ్ళది మనకి." ఎక్కడికి తీసుకెళ్తే బాగుంటుందని అడిగితే, ఆ అమ్మాయి, "చలికాలంలోనా? ఎక్కడని చెప్పనక్కా?" అంది.

ఎండాకాలంలో అక్క కాస్త తేరుకుంది. మళ్ళీ మిషను తొక్కింది. చెల్లెలికి రెండు జతలు కుట్టి, "నువ్వు పొట్టిదానివై నాకు ఎంత బట్ట మిగిల్చావే" అని వెక్కిరించింది. ఫిల్టరమ్మ మాత్రం నవ్వుతూనే ఆకాశం చూసుకుంటూ ఉండేది. కిటికీ సందుల్లో గుడ్డలు కూరింది. ఉన్నంతలో ఒక గాలి శుభ్రం చేసే యంత్రం తెచ్చి అక్క మంచం పక్కన పెట్టింది. ఈలోగా కెమిస్టు రిపోర్టు మీద ఒక సమావేశం జరిగింది. ఫిల్టరమ్మ కూడా వెళ్ళి వెనక వరసలో కూర్చుంది. గ్యాసు పట్టే యంత్రం పెట్టడానికి ప్లాంటుకు రెండేళ్ళ గడువిచ్చారు. గడువు దాటితే మరో గడువు ఇవ్వవచ్చని కూడా అందులోనే రాశారు. కెమిస్టు లేచి ఏదో చెప్పబోతే, సమయం అయిపోయిందన్నారు. ఆ తర్వాత రెండు నెలలకు ఆ అమ్మాయిని తాగునీళ్ళ విభాగానికి బదిలీ చేశారు. వెళ్తూ ఒకసారి వచ్చి, "సారీ అక్కా" అంది. ఫిల్టరమ్మే ఆమెకు ధైర్యం చెప్పి బస్సెక్కించింది.

రెండో చలికాలం ఇంకా తొందరగా వచ్చింది. ఆరో రోజు మసకలో అక్కను ఆసుపత్రిలో చేర్చారు. వార్డులో ఇరవై మంచాలు, ముప్ఫై ఇద్దరు మనుషులు. అందరిదీ ఒకటే చప్పుడు, ఈల వేసినట్టు. ఆక్సిజన్ గొట్టం అక్క ముక్కుకు పెట్టారు. ఫిల్టరమ్మ పొద్దున ఫిల్టరు మార్చి, తొమ్మిదిన్నరకల్లా అక్కడికి పరిగెత్తేది. నర్సు ఒకరోజు, "మీరు సెలవు పెట్టచ్చుగా?" అంది. "పెడితే ఆ రోజు రాసేవాళ్ళుండరు" అంది ఫిల్టరమ్మ. అని, తన మాట తనకే వింతగా తోచింది. రాసి ఏం చేసింది గనక?

చేర్చిన ఎనిమిదో రోజు మధ్యాహ్నం అక్క కళ్ళు తెరిచి, చెల్లెలి చెయ్యి పట్టుకుని వేళ్ళు ఒక్కొక్కటీ నిమిరింది.

"పట్టకారు పట్టుకుని పట్టుకుని కాయలు కాశాయే" అంది.

"మాట్లాడకక్కా."

"అప్పుడు... సముద్రం దగ్గర... చాలా బాగుండేది పొట్టీ." అంతే అంది. నాలుగు గంటలకు ఆ ఈల చప్పుడు ఆగిపోయింది. పక్క మంచం మీదావిడ ముందు గమనించి నర్సును పిలిచింది.

నువ్వు రమ్మనకపోయినా వచ్చేదాన్నని అక్క అన్న మాట నిజమా, తన కోసం అన్నదా అని ఫిల్టరమ్మ తర్వాత ఎంతో కాలం ఆలోచించింది. బట్ట కొలతల్లో తప్ప ఆవిడ దేనిలోనూ నిక్కచ్చి మనిషి కాదు. చిన్నప్పుడు తను తినకుండా చెల్లెలికి పెట్టి, తినేశానని చెప్పిన మనిషి. అందుకని ఆ మాట ఎటూ తేలలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారే, ఆమెకు ఆకులు కూడా దొరకలేదు.

గడువు ముగిసింది. మరో గడువు ఇచ్చారు. అది కూడా ముగిసింది. ఫిల్టరమ్మ ఉద్యోగం ముగిసే ఏడాది, డాబా మీద యంత్రాలు తీసేసి ఊరి చివర పార్కులో అంకెలు వెలిగే కొత్త పెట్టె ఒకటి పెట్టారు. దానికి ఫిల్టరు ఉండదు, త్రాసు ఉండదు. గ్యాసెంతో చూపిస్తుంది. మంచు పట్టిన రోజు తక్కువే చూపిస్తుంది. ఆమె రాసిన రిజిస్టర్లు ఇరవై ఎనిమిది, తాడేసి కట్టి సామాన్ల గదిలో పడేశారు. ఇంటికి పట్టుకెళ్ళమంటే వద్దంది.

ఇప్పుడామె ఇంట్లోనే ఉంటుంది. కుట్టడం రాదు కాబట్టి మిషను పక్కింటి కోడలికి ఇచ్చేసింది. ఆ పిల్లకు ఈమధ్యే బిడ్డ పుట్టింది. మొన్న ఒక పొద్దున, వీధంతా తెల్లగా మసక కమ్మి ఉండగా, ఆ పిల్ల బిడ్డను గుడ్డలో చుట్టుకుని గోడ అవతల నుంచి అడిగింది.

"పిన్నిగారూ, మీరు గాలి ఆఫీసులో పనిచేశారు కదా, కాస్త చెప్పండి. వీడు ఒకటే దగ్గుతున్నాడు. కిటికీలు మూసుంచమంటారా, తియ్యమంటారా?"

ఫిల్టరమ్మ బిడ్డ ముఖంలోకి చూసింది. పిడికిలి బిగించుకుని నిద్రపోతున్నాడు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది.

"మూసుంచు" అంది. ఆ పిల్ల నిశ్చింతగా తలూపి లోపలికి వెళ్ళి, కిటికీ రెక్కలు ఒక్కొక్కటే వేసుకుంది. ఆ కిటికీలకు పైన చేతిమందం సందులున్నాయి. ఫిల్టరమ్మ అది చూస్తూ చలిలో కాసేపు అలాగే నిలబడి, దగ్గొస్తే లోపలికి వెళ్ళిపోయింది.